తోడు కాగితం

పాస్‌పోర్టు ఆఫీసు గేటుకు ఎదురుగా, రోడ్డు దాటగానే ఒక బల్ల, రెండు కుర్చీలు, వాటి పైన ఎండకు వెలిసిపోయిన నీలం పట్టా ఉండేవి. ఆ బల్ల ఫారాలమ్మది. ఆమెకు అసలు పేరు ఒకటి ఉంది గానీ దానితో ఆ రోడ్డులో ఎవరికీ పని పడలేదు. పదిహేడేళ్ళుగా పరాయివాళ్ళ పేర్లు, పుట్టిన తేదీలు, తండ్రుల పేర్లు రాస్తూ కూర్చున్న మనిషిని ఇంకేమని పిలుస్తారు? ఆమె నింపిన ఫారం వెనక్కి రాదని పేరు. లోపల కౌంటరులో గుమాస్తాలు వచ్చినవాళ్ళ ముఖం చూడకముందే చేతిరాత చూసి, "ఎదురు బల్ల దగ్గర రాయించారా? అయితే ఇలా ఇవ్వండి" అనేవారు.

ఊరికే వచ్చిన పేరు కాదది. వచ్చినవాళ్ళ నోట్లోంచి సరైన జవాబు లాగడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఒంటి మీద గుర్తుపట్టే మచ్చ ఏముందని అడిగితే ఒక పెద్దమనిషి ఛాతీ విరుచుకుని, "నా మీద ఏ మచ్చా లేదమ్మా, కావాలంటే మా వీధిలో కనుక్కోండి" అన్నాడు. "మీ వీధి సంగతి నాకెందుకు బాబూ, చొక్కా చేతులు పైకి మడవండి" అని, మోచేతి దగ్గరున్న పుట్టుమచ్చ చూసి రాసేసుకుంది.

ఆమెకు ఇంకో అలవాటు ఉంది. కొంప ముంచింది అదే కనుక ఇప్పుడే చెప్పేస్తాను. దరఖాస్తుతో పాటు ఒక హామీ పత్రం ఇవ్వాలి. మామూలు తెల్లకాగితం మీద విషయం రాసి, అడుగున సంతకం పెట్టాలి. ఫారాలమ్మ ఆ సంతకం రెండు కాగితాల మీద తీసుకునేది. ఒకటి విషయం రాసిన కాగితం, రెండోది ఒట్టి తెల్లకాగితం. లోపల ఎవరైనా తప్పు పట్టుకుంటే, ఎక్కడినుంచో రెండు బస్సులు మారి వచ్చిన మనిషి మళ్ళీ రాకుండా, ఆ రెండోదాని మీద విషయం తిరగరాసి ఇచ్చేది. దాన్ని తోడు కాగితం అనేది. పాస్‌పోర్టు చేతికందిన రోజున ఆ తోడు కాగితాన్ని వాళ్ళ ఎదుటే నాలుగు ముక్కలు చేసేది. ఖాళీ కాగితం మీద సంతకం తీసుకోకూడదని ఆ బల్ల వేసుకోవడానికి ఆఫీసువాళ్ళు ఇచ్చిన అనుమతి పత్రంలోనే ఉంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, గుమాస్తాలకూ తెలుసు. పదిహేడేళ్ళలో ఒక్క కాగితం పక్కదారి పట్టలేదు కాబట్టి అందరూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

బల్లకు తాళం లేదు. అందుకని తోడు కాగితాలన్నీ పక్కనే ఉన్న ఫొటో షాపులో, ఇనుప బీరువాలో ఉండేవి. ఆ షాపు నడిపేది వదిన, అంటే ఫారాలమ్మ భర్తకు అక్క. తెల్లగుడ్డ ముందు మనుషుల్ని కూర్చోబెట్టి, "నవ్వకండి, చెవులు కనపడాలి, ఇంకాస్త గడ్డం దించండి" అని రోజుకు ముప్ఫైసార్లు అనేది. ఫొటో అక్కడ, ఫారం ఇక్కడ. మధ్యాహ్నం జనం పలచబడ్డాక వదినా మరదళ్ళిద్దరూ షాపు వెనక స్టూళ్ళ మీద కూర్చుని ఒకే క్యారేజీలో తినేవాళ్ళు.

ఆ షాపు మొదట ఫారాలమ్మ భర్తది. ఫొటోలాయన అనేవాళ్ళు. ఆరేళ్ళ కిందట వేరే ఊళ్ళో పెద్ద స్టూడియోలో పని దొరికిందని, ఇల్లు చూసి పిలిపిస్తానని, మంచి కెమెరా భుజాన వేసుకుని వెళ్ళాడు. ఇల్లు చూసుకున్నాడు. ఆ ఇంట్లోకి పిలిపించుకున్నది మాత్రం వేరే ఆవిడని. అప్పటికి కూతురికి ఏడేళ్ళు. కోర్టు పిల్ల పోషణకు నెలనెలా ఇంత పంపాలని తీర్పిచ్చింది. మూడు నెలలు పంపి చేతులు దులుపుకున్నాడు. బాకీ కేసు అప్పటినుంచీ వాయిదాల మీద నడుస్తూనే ఉంది. ఫోను చేస్తే ఎత్తడు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఆ రోజుల్లో ఫారాలమ్మను నిలబెట్టింది వదినే. "వాడు నా తమ్ముడే కాడు, పో" అని అందరిముందూ తిట్టింది. కోర్టులో తమ్ముడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. పిల్లకు జ్వరం వస్తే షాపు మూసుకుని వచ్చి పక్కన కూర్చుంది. పిల్లకు ఈత కొలనులో మొదటిసారి ఫీజు కట్టింది కూడా ఆమే. భర్త వదిలిపోయినందుకు ఏడ్చిన రోజులున్నాయి గానీ, వదిన దక్కినందుకు అదృష్టవంతురాలిననే ఫారాలమ్మ అనుకునేది. నలుగురిలో అనేది కూడా.

కూతురి ముద్దుపేరు చేపపిల్ల. నీళ్ళలో దిగితే బయటికి రాదు. ఆ ఏడాది ఈత టీచరు బల్ల దగ్గరికి స్వయంగా వచ్చింది. పరాయి దేశంలో పిల్లల పోటీలున్నాయట, బడి తరఫున నలుగుర్ని పంపుతున్నారట, అందులో చేపపిల్ల ఒకతె.

"ఖర్చంతా బడిదేనండీ. నెలాఖరులోపు పాస్‌పోర్టు నెంబరు ఇవ్వాలంతే. మీకదేం పెద్ద పని? మీ చేతిలో పనే కదా!" అంది టీచరు నవ్వుతూ.

ఫారాలమ్మ కూడా నవ్వింది. టీచరు వెళ్ళాక బల్ల మీద కొత్త ఫారం పెట్టుకుని, కూతురి పేరు, పుట్టిన తేదీ, ఊరు వరసగా రాసుకుంటూ పోయి, మూడో పేజీలో ఆగిపోయింది. మైనరు పిల్లలకు తల్లీ తండ్రీ ఇద్దరూ సమ్మతించి సంతకం పెట్టాలి. తండ్రి సంతకం దొరక్కపోతే కోర్టు నుంచి అనుమతి తెచ్చుకోవాలి. దానికి అయిదారు నెలలు పడుతుంది. ఎందరో ఆడవాళ్ళకు ఈ ముక్క తనే చెప్పింది. "ఏం చేస్తామమ్మా, రూలు" అని కూడా అంది. అలా అన్నప్పుడు వాళ్ళ ముఖాలు ఎలా ఉండేవో ఇప్పుడు గుర్తొచ్చింది.

"వాణ్ణి అడగను వదినా. అడిగినా ఎత్తడు. పిల్లకి ఎలా చెప్పాలో అదే తెలీట్లేదు" అంది మధ్యాహ్నం, అన్నం కలిపి తినకుండా.

వదిన క్యారేజీలో మిగిలిన కూర ఆమె వైపు జరిపింది. తర్వాత, "నువ్వు అడగొద్దులే. నేను అడుగుతా. ఎంత చెడ్డా నా చేతుల్లో పెరిగినవాడు" అంది.

"వాడు నీ తమ్ముడే కాడన్నావుగా?"

"పిల్ల కోసం ఒక వారం తమ్ముడనుకుంటాలే, తిను."

వారం తిరగకుండానే సమ్మతి పత్రం వచ్చింది. ఫొటోలాయన సంతకం, వేలిముద్ర, నోటరీ ముద్ర అన్నీ సరిగ్గా, గళ్ళ మధ్యలో. ఫారాలమ్మ మూడుసార్లు చదివింది. ఒక్క తప్పు లేదు. ఆమెకు కోపం రావాలో సంతోషం రావాలో తెలియక కళ్ళనీళ్ళు వచ్చాయి. వదిన ఆమె వీపు నిమిరింది.

చేపపిల్ల సంగతి అడగక్కరలేదు. ఆ కాగితాన్ని ఒక పూటంతా వదల్లేదు. "నాన్న వెంటనే పెట్టాడా అత్తా? అడగ్గానే పెట్టాడా? ఏమన్నాడు?" అని వదిన వెంట తిరిగింది. "పెట్టాడమ్మా, అడగ్గానే పెట్టాడు" అంది వదిన, కెమెరా అద్దం తుడుచుకుంటూ. సంతకం చివర పైకి లేచి వెనక్కి తిరిగే తోక ఉంటుంది. పిల్ల దాని మీద వేలు పెట్టి గాలిలో రాసుకుంది. వీధిలో స్నేహితురాళ్ళందరికీ, పాలు పోసేవాడికి, ఈత టీచరుకు అందరికీ ఒకటే మాట: మా నాన్న సంతకం పెట్టాడు.

ఫారాలమ్మ కూడా మెత్తబడింది. ఇది ఆమె తర్వాత తనను తాను క్షమించుకోలేకపోయిన విషయం. మనిషన్నాక ఎక్కడో పిల్ల మీద ప్రేమ ఉండకపోతుందా అనుకుంది. వచ్చే వాయిదాకు మరీ గట్టిగా వెళ్ళొద్దని లాయరుకు చెప్పింది. "బాకీ ఒకేసారి కట్టలేనంటే కొంచెం కొంచెంగా కట్టమనండి సార్" అంది. లాయరు ఆమెను కళ్ళజోడు పైనుంచి చూసి, "మీ ఇష్టం" అన్నాడు.

దరఖాస్తు ఇచ్చే రోజున చేపపిల్ల తన గడిలో తానే సంతకం పెట్టింది. ఫారాలమ్మ తల్లి గడిలో పెట్టింది. హామీ పత్రం రాసి దాని కిందా, అలవాటు కొద్దీ ఒక తోడు కాగితం అడుగునా పెట్టింది. తన పిల్ల పని కదా, ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలనుకుంది. తోడు కాగితం ఎప్పటిలాగే వదిన చేతికిచ్చి, తక్కిన కట్ట తీసుకుని రోడ్డు దాటింది. కౌంటరు గుమాస్తా పేజీలు తిప్పి, "మీదే వెనక్కి పంపితే మేము ఇళ్ళకు పోవాల్సిందే" అని ముద్ర గుద్దాడు. పది రోజుల్లో ఇంటికి వస్తుందన్నాడు.

తొమ్మిదో రోజున కోర్టు వాయిదా.

కోర్టు హాలు చిన్నది. గోడకు తేమ పట్టి సున్నం పొట్టు రాలుతుండేది. ఫొటోలాయన రాలేదు, అతని లాయరు వచ్చాడు. అతని వెనక బెంచీ చివర వదిన కూర్చుని ఉంది. తనకు తోడుగా వచ్చిందనుకుని ఫారాలమ్మ చెయ్యి ఊపింది. వదిన సంచీలో ఏదో వెతుక్కుంటోంది.

అవతలి లాయరు లేచి ఒక కాగితం జడ్జిగారి ముందు పెట్టాడు. "మేడమ్, ఇక బాకీ అన్న ప్రశ్నే లేదు. ఆవిడే రాసి ఇచ్చారు."

కాగితం చేతులు మారి ఫారాలమ్మ దగ్గరికొచ్చింది. ఇప్పటిదాకా రావలసిన పోషణ ఖర్చంతా చేతికి అందిందని, ఇకముందు ఏమీ కోరనని, తన ఇష్టపూర్వకంగా రాసిస్తున్నానని అందులో ఉంది. అడుగున సంతకం ఆమెదే. అనుకరించింది కాదు, అచ్చంగా తను పెట్టిందే. విషయం ప్రింటరులో కొట్టారు. కాగితానికి ఎడమవైపు పైనుంచి కిందిదాకా సన్నటి బూడిదరంగు గీత ఉంది. షాపులో ప్రింటరు మూడేళ్ళుగా ఆ గీత వేస్తోంది. బాగుచేయించు వదినా అని తను వందసార్లు చెప్పింది.

మనిషిని నమ్మితే ఇలా కూడా ఉంటుందా అనుకుంది. భర్త వెళ్ళిపోయిన రోజున కూడా ఇంత దెబ్బ తగల్లేదు. అతను మొదటినుంచీ అంతేనని ఎక్కడో తెలుసు. ఇది అలాంటిది కాదు. ఆరేళ్ళు ఒకే క్యారేజీలో తిన్న చెయ్యి బీరువా తెరిచి, ఆ కాగితం తీసి, ప్రింటరులో పెట్టింది. సరిగ్గా సంతకం పైన వచ్చేలా కొలిచి మరీ పెట్టింది.

ఆమె లాయరు పది నిమిషాలు గడువు అడిగాడు. వరండాలోకి వచ్చాక అవతలి లాయరు దాపరికం లేకుండా చెప్పేశాడు. ఈ కాగితం, ఆ సమ్మతి పత్రం రెండూ ఒకే బేరం. ఇది తనదేనని ఆమె ఒప్పుకుంటే పిల్ల వెళ్ళొస్తుంది. కాదంటే ఆయన సమ్మతి ఇప్పుడే వెనక్కి తీసుకుంటాడు. పాస్‌పోర్టు ఇంకా అచ్చు కాలేదు.

ఫారాలమ్మ అతనికేసి చూడలేదు. స్తంభం పక్కన నిలబడ్డ వదిన దగ్గరికి వెళ్ళింది.

"చెప్పు వదినా."

"ఏం చెప్పమంటావు అమ్మాయ్" అంది వదిన. "షాపు వాడి పేరు మీద ఉంది. సంతకం పెట్టినందుకు ఇది తెమ్మన్నాడు. తేకపోతే షాపు అమ్మేస్తానన్నాడు. ఈ వయసులో నేనెక్కడికి పోను?"

"నాతో చెప్పుండొచ్చుగా!"

"చెప్తే నువ్వు ఒప్పుకుంటావా? నీ సంగతి నాకు తెలీదా? పిల్ల వెళ్ళాలి నీకు. షాపు ఉండాలి నాకు. కేసు పోవాలి వాడికి. ముగ్గురి పనీ అయిపోతుందనుకున్నా. ఎలాగూ వాడు కట్టే డబ్బు కాదుగా అది!"

"అది నా డబ్బు కాదు, నీ డబ్బూ కాదు. పిల్లది. దాని డబ్బు అందిందని నా సంతకం పైన అబద్ధం కొట్టావు. నేనెవర్ని నమ్మానో తెలుసా? నిన్ను. వాణ్ణి నమ్మి ఒకసారి చెడ్డాను, సరే. నిన్ను నమ్మి చెడతానని కల్లో కూడా అనుకోలేదు."

వదిన ఏడుస్తూ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఫారాలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. తీసుకుంటుంటే ఆమెకే ప్రాణం విలవిల్లాడింది.

లోపలినుంచి పిలుపు వచ్చింది. ఆ నాలుగడుగులూ నడిచేటప్పుడు ఒప్పేసుకుందామనే అనుకుంది. పిల్ల ముఖం కళ్ళ ముందే ఉంది. సంచీ సర్దుకుంటోంది, వీధంతా చెప్పుకుంది. ఒక్క మాటంటే అయిపోతుంది, ఎలాగూ రాని డబ్బే.

"ఈ సంతకం మీదేనా?" అని అడిగారు జడ్జిగారు.

"నాదే మేడమ్."

"మరి ఇందులో రాసినట్టు డబ్బంతా అందిందా?"

అందింది అనడానికే నోరు తెరిచింది. పదిహేడేళ్ళు ఇంకొకరి చేత నిజం చెప్పించిన నోరు అది. మాట రాలేదు. రెండోసారి ప్రయత్నించినా రాలేదు. "అందలేదు" అని వచ్చింది.

ఇక ఆగలేదు. ఖాళీ కాగితం మీద సంతకం ఎందుకు పెట్టారని జడ్జిగారు అడిగితే, తోడు కాగితాల సంగతి మొదటినుంచీ చెప్పింది. అది తప్పని తెలుసని కూడా చెప్పింది. బూడిదరంగు గీత చూపించింది. అవతలి లాయరు ఎగిరి గంతేసినంత పని చేసి, "పాస్‌పోర్టు ఆఫీసు ముందు బల్ల వేసుకుని ఈవిడ ఇన్నేళ్ళుగా చేస్తున్న పని ఇదన్నమాట, రాసుకోండి మేడమ్" అన్నాడు. జడ్జిగారు రాసుకున్నారు. ఆ కాగితం చెల్లదని, బాకీ కేసు నడుస్తుందని చెప్పి, బల్ల అనుమతి సంగతి ఆఫీసువాళ్ళు చూసుకోవాలని ఉత్తరం పంపమన్నారు. బెంచీ చివర వదిన తల ఎత్తలేదు.

సమ్మతి వెనక్కి తీసుకోవడానికి ఫొటోలాయనకు పావుగంట పట్టింది. ఆరేళ్ళుగా ఫోను ఎత్తని మనిషి, లాయరు ఒక్కసారి మోగించగానే ఎత్తాడు. ఫారాలమ్మ కోర్టు మెట్లు దిగేసరికి ఆఫీసు నుంచి దరఖాస్తు ఆపేశామని కబురు వచ్చింది. ఆమె ఫారం వెనక్కి రావడం అదే మొదటిసారి. ఆమె ఆఫీసు దగ్గరికి చేరేసరికి కౌంటరు గుమాస్తా బయటికొచ్చి కట్ట ఆమె చేతికిస్తూ, "నేనేం చెయ్యలేనమ్మా, రూలు" అన్నాడు. ఫొటో షాపు తలుపు మూసి ఉంది. తన బల్ల మీది ఫారాలన్నీ సంచీలో వేసుకుని, పట్టా విప్పి మడత పెట్టుకుని ఇంటికి నడిచింది.

చేపపిల్ల గది మధ్యలో కూర్చుని ఈత టోపీలు రెండు పక్కపక్కన పెట్టుకుని ఏది తీసుకెళ్ళాలో చూసుకుంటోంది. తల్లి ముఖం చూసి రెండూ కింద పెట్టేసింది.

ఫారాలమ్మ దాచలేదు. దాచి చెప్పినా రేపు వీధి చెబుతుంది. పిల్ల ఎదురుగా నేలమీదే కూర్చుని, కాగితం సంగతి, అత్త సంగతి, కోర్టులో తనేం చెప్పిందీ, తర్వాత ఏమైందీ అంతా చెప్పింది. "నేను సరేననుంటే నువ్వు వెళ్ళేదానివి. అనలేకపోయాను. తప్పు నాదే అనుకుంటే అనుకో" అంది.

పదమూడేళ్ళ పిల్ల అరుస్తుందనుకుంది, ఏడుస్తుందనుకుంది, తనను నానా మాటలూ అంటుందనుకుంది. చేపపిల్ల అవేవీ చేయలేదు. వెళ్ళడం గురించి ఒక్క మాట అడగలేదు.

"అయితే అమ్మా, నాన్న ఆ సంతకం నా కోసం పెట్టలేదా?"

ఫారాలమ్మకు అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. నీ కోసమే పెట్టాడు తల్లీ, తర్వాతే మనసు మారింది అంటే పిల్ల నమ్మేది. ఈ ఒక్క అబద్ధానికి ఏ కోర్టూ ఏమీ అనేది కాదు. కానీ నమ్మించడం ఎలా ఉంటుందో పొద్దున్నే చూసి వచ్చింది.

"లేదమ్మా."

"అత్తకి ముందే తెలుసా?"

"తెలుసు."

చేపపిల్ల తల్లి సంచీలోంచి దరఖాస్తు కట్ట తీసి, పేజీలు తిప్పి, తన సంతకం ఉన్న గడి దగ్గర ఆపింది. ఆ రోజు హడావుడిలో ఫారాలమ్మ గడి నిండిందా లేదా అన్నదే చూసింది గానీ సంతకాన్ని చూడలేదు. పిల్ల పేరు చివర ఒక తోక పైకి లేచి వెనక్కి తిరిగి ఉంది, అచ్చం వాళ్ళ నాన్న సంతకంలో ఉన్నట్టే.

"నోటుబుక్కు నిండా రాసి నేర్చుకున్నానమ్మా, ఆయన్లాగే రావాలని. ఇంకోసారి దరఖాస్తు పెట్టినప్పుడు సంతకం మార్చుకోవచ్చా? ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటారు" అంది ఫారాలమ్మ. కూతుర్ని దగ్గరికి లాక్కుని, పొద్దుటినుంచీ బిగబట్టుకున్న ఏడుపంతా ఏడ్చింది. చేపపిల్ల ఏడవలేదు. తల్లి వీపు నిమురుతూ కూర్చుంది.